పుంజు కూయడం లేదు, ఆకుపచ్చ రెట్ట, కాళ్లు తడబడుతున్నాయి. పెట్టలన్నీ మాత్రం బాగున్నాయి. ఏమై ఉంటుంది?

గిద్దలూరు పెరడు:

అందరికీ నమస్కారం. మాది గిద్దలూరు వైపు పల్లె, నల్లమల అంచున ఉంటుంది. పెరట్లో తొమ్మిది పెట్టలు, ఒక డేగ పుంజు, గంప కింద చిన్న పిల్లలు ఉన్నాయి. బాగాలేనిది పుంజుకు.

ఇది మా దగ్గర పుట్టింది కాదు. మా తమ్ముడు తణుకు దగ్గర పనిచేస్తాడు, పోయిన నెలలో అటు నుంచి తెచ్చిచ్చాడు. పందేలకు కాదు. మా పెట్టలన్నీ ఒకే పుంజుకు పుట్టినవి. వాటికి పుట్టే పిల్లలు రాను రాను గిడసబారిపోతున్నాయని, వేరే చోటి పుంజు కావాలని నేనే అడిగి తెప్పించుకున్నాను. వచ్చినప్పటి నుంచి ఎంతో హుషారుగా ఉంది. గింజ కనపడితే తను తినకుండా పెట్టల్ని పిలిచి వాటికి చూపించేది. అందుకే ఇంటిల్లిపాదికీ దాని మీద ప్రాణం.

మొన్న తెల్లవారుజామున కూత వినపడలేదు. వెళ్లి చూస్తే రెక్కలు దించేసి, ఈకలు ఉబ్బించుకుని మూలన నిలబడి ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి. సజ్జలు వేస్తే ముక్కుతో కదిపి వదిలేసింది. నీళ్లు మాత్రం ఆపకుండా తాగుతోంది. రెట్ట పల్చగా, ఆకుపచ్చగా, తెలుపు కలిసి పడుతోంది. ఎర్రగా ఉండే తురాయి పాలిపోయింది. ఈరోజు నాలుగడుగులు వేసి కూలబడిపోయింది. రెక్క కింద చెయ్యి పెడితే ఒళ్లు కాలిపోతోంది.

అత్తమ్మ కొక్కెర (రాణిఖేత్ తెగులు) అంటోంది. ఉల్లిపాయ, మిరియాలు, పసుపు నూరి ఉండలు చేసి మింగించింది. నా భయం ఇంకొకటి. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ బయటపడింది తణుకు పక్కనున్న వేల్పూరులోనే కదా. పుంజు వచ్చింది అటు నుంచే. ఇంట్లో ఐదేళ్ల పాప రోజంతా కోళ్ల మధ్యే ఆడుకుంటుంది. ఆ టెన్షన్‌తో నాకు రాత్రి కన్ను మూతపడలేదు.

కొక్కెర రాకుండా వేసే ఆర్‌టూబీ టీకా వేయించామని పెంచినవాళ్లు తమ్ముడికి చెప్పారట. మా పెట్టలకు నేను వేయించలేదు. అయినా పెట్టలు చక్కగా తింటున్నాయి, గుడ్లు పెడుతున్నాయి. టీకా వేసినదానికి జబ్బు వచ్చి, వేయనివి బాగుండటం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. ప్రస్తుతానికి పుంజును తీసి వంటచెరకు పెట్టే కొట్టంలో విడిగా ఉంచాను. తెలిసినవాళ్లు చెప్పండి.

కోనసీమ కోళ్లు:

అక్కా, విడిగా పెట్టి మంచి పని చేశారు. ముందు మీ పాప గురించి. పాపను కోళ్ల దగ్గరకు కొన్నాళ్లు పంపకండి. మీరు పుంజును పట్టుకున్నప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఏ జబ్బో తేలేదాకా ఇవి తప్పవు.

బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మావైపు చూశాం. ఒక కోడి నీరసపడి, మిగతావి హాయిగా తిరుగుతూ ఉండటం అందులో చూడలేదు. సాయంత్రం బాగున్నవి పొద్దుటికి కుప్పలుగా పడిపోయేవి. తలలు వాచి, తురాయిలు నీలంగా మారేవి. పైగా మీ పుంజు వచ్చి నెల దాటుతోంది. అక్కడి నుంచి తెచ్చుకున్న జబ్బయితే ఇంతకాలం దాగదు. అయినా రెండు మూడు కోళ్లు వరసగా చనిపోతే మాత్రం వాటిని ముట్టుకోకుండా 1962కు ఫోన్ చేయండి. పశువుల అంబులెన్స్ నంబరు అది. శాంపిల్ భోపాల్ ల్యాబ్‌కు పంపితే తప్ప ఆ జబ్బు అవునో కాదో ఎవరూ చెప్పలేరు.

కొక్కెరకు ఆకుపచ్చ రెట్ట ఉంటుంది, నిజమే. కానీ దాంతోపాటు నోరు తెరిచి ఎగపోస్తుందా? మెడ ఒక పక్కకు తిరుగుతోందా? అవి రెండూ చూసి చెప్పండి. టీకా లేని పెట్టల మధ్య కొక్కెర వచ్చిన పుంజు తిరిగితే ఈపాటికి సగం పెట్టలు పడకేసేవి. నాకైతే కొక్కెర అనిపించడం లేదు. ఏమిటో మాత్రం చెప్పలేను.

పాలమూరు రైతు:

చెల్లెమ్మా, ఆకుపచ్చ రెట్ట చూసి ఏ జబ్బనీ తేల్చొద్దు. కోడి రెండు రోజులు మేత ముట్టకపోతే పైత్యరసం ఒక్కటే కిందికి దిగుతుంది, రెట్ట ఆకుపచ్చగా పడుతుంది. ఏ జబ్బులోనైనా అంతే.

పుంజును ఒళ్లో పెట్టుకుని నిదానంగా ఇవి చూడు. పొద్దున్నే మేత పెట్టకముందు మెడ కింద సంచి పట్టి చూడు. రాత్రి తిన్నది అరిగి ఖాళీ అయి ఉండాలి. గట్టిగా ముద్దగా ఉంటే అడ్డుపడినట్టు, నీళ్ల సంచిలా ఊగుతూ పుల్లటి వాసన వస్తే పులిసినట్టు. అరికాళ్లు తిప్పి చూడు, నల్లటి పొక్కు కట్టి వాపు ఉంటే కాలి నొప్పితో కూలబడుతోందని అర్థం. రొమ్ము ఎముక కత్తిలా తేలిందంటే జబ్బు మొన్నటిది కాదు, చాలాకాలంగా లోపల ఏలికపాములో ఇంకోటో ఉన్నట్టు. కళ్లు, ముక్కు కారుతున్నాయా చూడు.

ఇంకొకటి అడుగుతాను, ఇది ముఖ్యం. పుంజు రాత్రి ఎక్కడ పడుకుంటుంది? పెట్టలూ అక్కడేనా?

గిద్దలూరు పెరడు:

అన్నా, అన్నీ చూశాను. మేత సంచి ఖాళీగా, మెత్తగా ఉంది, వాసన లేదు. అరికాళ్లు శుభ్రంగా ఉన్నాయి. రొమ్ము మీద కండ బాగానే ఉంది. కళ్లు, ముక్కు కారడం లేదు, మెడ తిరగడం లేదు, ఎగపోత లేదు. ఒంటి వేడి మాత్రం తగ్గలేదు.

పడుకునే చోటు అడిగారు కాబట్టి చెబుతున్నాను. పెట్టలు ఇంటి పక్కన కొత్తగా కట్టించిన సిమెంటు గూట్లో పడుకుంటాయి. పుంజు అందులోకి రాదు. మా మామగారు మేకలు కట్టిన పాత కొట్టం ఒకటి ఉంది, రాళ్లు పేర్చి మట్టి మెత్తిన గోడలు. మేకలు అమ్మేశాక అందులో కొన్నాళ్లు కోళ్లుండేవి, తర్వాత రెండేళ్లుగా ఖాళీ. దాని వేపదూలం ఎక్కి పడుకోవడం పుంజుకు అలవాటైంది. కిందికి దించినా మళ్లీ అక్కడికే పోతుంది. దీనికీ జబ్బుకూ ఏమైనా సంబంధం ఉందా?

రిటైర్డ్ పశువైద్యుడు, అనంతపురం:

ఉందమ్మా. పాలమూరు ఆయన సరైన ప్రశ్న వేశారు.

ఈ రాత్రి చీకటి పడి రెండు గంటలయ్యాక టార్చ్ తీసుకుని ఆ కొట్టంలోకి వెళ్లండి. రాళ్ల సందులు, దూలం బెరడు కింద, దూలం గోడలోకి దిగే చోట చూడండి. నల్లికంటే కాస్త పెద్దగా, బల్లపరుపుగా, తోలులాంటి పురుగులు కనిపిస్తాయేమో చూడండి. ఆకలితో ఉన్నవి గోధుమ ఎరుపులో ఉంటాయి, రక్తం తాగినవి ఉబ్బి నీలిరంగుకు తిరుగుతాయి. పశువులకు పట్టే గోమారి పగలూ రాత్రీ ఒంటినే అంటిపెట్టుకుని ఉంటుంది. కోళ్ల పిడుదు అలా కాదు. పగలంతా సందుల్లో దాక్కుని, రాత్రి బయటికి వచ్చి కోడి రక్తం తాగి గంటలోపే మళ్లీ దాక్కుంటుంది. అందుకే పగలు కోడి ఒళ్లంతా వెతికినా పెద్దవి దొరకవు. దాని పిల్లలు మాత్రం వారం దాకా కోడినే పట్టుకుని ఉంటాయి. రెక్కల కింద చర్మం మీద నల్లటి చుక్కలుగా కనిపిస్తాయి. అక్కడ కూడా చూడండి.

కొట్టం రెండేళ్లు ఖాళీగా ఉంది కదా, ఎలా బతుకుతాయి అనుకోవద్దు. మేత లేకుండా ఏడాదికి పైగా బతకగల పురుగు ఇది. మీ ప్రాంతం, నా ప్రాంతం లాంటి ఎండ ప్రదేశాలు దానికి బాగా సరిపడతాయి.

రక్తం పోవడం ఒక్కటే అయితే కోడి పాలిపోయి నీరసపడుతుంది, ఇంత జ్వరం రాదు. ఈ పిడుదు కుట్టినప్పుడు బొరీలియా అనే మెలికలు తిరిగిన బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది. దాని జబ్బును స్పైరోకీటోసిస్ అంటారు. గట్టి జ్వరం, విపరీతమైన దాహం, ఆకుపచ్చ రెట్ట, పాలిపోయిన తురాయి, తర్వాత కాళ్లు పడిపోవడం. మీరు మొదటి పోస్టులో రాసినవన్నీ ఇవే. కొక్కెర అనుకుని వదిలేయడం వల్ల ఇలాంటి పుంజులు చాలా పోతాయి. నా సర్వీసులో నన్ను ఎక్కువ బాధపెట్టినది ఇదే. కొక్కెరకు మందు లేదు. దీనికి ఉంది, అదీ మామూలు పెన్సిలిన్.

మీ పుంజుకే ఎందుకు వచ్చిందంటే, ఒకటి, అక్కడ పడుకుంటున్నది అదొక్కటే. రెండు, మీ పెట్టల్లో పెద్దవి ఆ కొట్టంలో ఉన్న రోజుల్లోనే దీన్ని తట్టుకుని ఉండొచ్చు. తట్టుకున్నదానికి రక్షణ వస్తుంది. గోదావరి తడినేలల నుంచి వచ్చిన పుంజుకు ఆ రక్షణ ఎక్కడిది?

ఇవన్నీ దూరం నుంచి చెబుతున్న మాటలు. రేపు పొద్దున్నే పుంజును మండల పశువైద్యశాలకు తీసుకెళ్లండి. రెక్క నరం నుంచి ఒక చుక్క రక్తం గాజుపలక మీద పరిచి పరీక్ష చేయమని అడగండి. జ్వరం ఉన్నప్పుడే ఆ బ్యాక్టీరియా కనిపిస్తుంది, తర్వాత రక్తంలో దొరకదు. కాబట్టి ఆలస్యం చేయొద్దు. మెడికల్ షాపులో కొని మీరే సూది వేయకండి. కోడి బరువుకు ఎంత అన్నది డాక్టరే చూడాలి.

గిద్దలూరు పెరడు:

డాక్టర్ గారూ, రాత్రి టార్చ్ వేసి చూశాం. దూలం గోడలో దిగే చోట బెరడు కత్తితో లేపితే గుంపుగా ఉన్నాయి. అత్తమ్మ చూసి చాలాసేపు మాట్లాడలేదు. పుంజు రెక్కల కింద మీరు చెప్పిన నల్లటి చుక్కలు ఉన్నాయి, రెండు వైపులా.

పొద్దున్నే గంపలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాం. నాలుగు పిడుదులను చిన్న సీసాలో వేసుకుని వెళ్లి చూపించాను. అక్కడి డాక్టరమ్మ సీసా చూడగానే రక్తం తీసి పలకలు ఒంగోలు ల్యాబ్‌కు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆగితే పుంజు ఆగదని పెన్సిలిన్ సూది అప్పుడే వేశారు. రక్తం బాగా తగ్గిందని ఐరన్, విటమిన్ల టానిక్ ఇచ్చారు. రెక్కల కింద పురుగులను పీకవద్దని చెప్పి తనే వాటికి మందు పూశారు.

ఈరోజు సాయంత్రానికి ఒళ్లు చల్లబడింది. రాగి జావ పల్చగా కాచి చంచాతో పెడితే మింగింది. ఇంకా నిలబడలేకపోతోంది. కాళ్లు తిరిగి వస్తాయా?

ఆ కొట్టాన్ని ఏం చేయాలో కూడా చెప్పండి. మా ఆయన తగలబెట్టేద్దాం అంటున్నాడు.

పాలమూరు రైతు:

తగలబెట్టొద్దు, పక్కనే ఇల్లు ఉంది. మా దగ్గర చేసింది చెబుతాను. ఆ వేపదూలం తీసేయండి, దాన్ని మాత్రం ఊరి బయట కాల్చండి. గోడ సందుల్లో ఉన్న పాత మట్టిని గీకి, ఆ మట్టినీ కాల్చండి. తర్వాత డాక్టర్‌ను అడిగి రాయించుకున్న పిడుదుల మందు నీళ్లలో కలిపి సందుల లోపలికి పోయేలా స్ప్రేయర్‌తో కొట్టండి. పైపైన కొడితే లాభం లేదు, అవి లోతుగా ఉంటాయి. ఆ రోజు కోళ్లనూ పాపనూ అటు రానివ్వకండి. ఎండాక సందులన్నీ సిమెంటుతో పూడ్చి సున్నం వేయండి. రెండు మూడు వారాలకు మళ్లీ ఒకసారి కొట్టండి, సందుల్లోని గుడ్లు అప్పటికి పొదుగుతాయి.

కొత్త దూలం గోడకు తగలకుండా పెట్టండి. నాలుగు కాళ్ల బల్లలాగా చేసి, కాళ్లను వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసిన డబ్బాల్లో నిలబెడితే పురుగు పైకి ఎక్కలేదు. మా తాతల కాలం నుంచి చేస్తున్నదే.

రిటైర్డ్ పశువైద్యుడు, అనంతపురం:

కాళ్ల విషయం. జ్వరం సూదికి లొంగింది కాబట్టి ఆశ ఉంది. రెక్కల కింద ఉన్న పిడుదు పిల్లల విషం వల్ల కూడా కాళ్లు చచ్చుబడతాయి, అవి రాలిపోతే అదే తగ్గుతుంది. మెత్తటి గడ్డి మీద పడుకోబెట్టి రోజుకు రెండు మూడుసార్లు పక్క మార్చండి. లేకపోతే రొమ్ము మీద పుండు పడుతుంది. నీళ్లు, జావ ముక్కుకు అందేంత దగ్గరలో పెట్టండి. గొంతులో బలవంతంగా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పెట్టలకు ఆర్‌టూబీ వేయించండి. ఈసారి కొక్కెర కాదు, వచ్చే వేసవికి అవ్వొచ్చు. గంప కింద పిల్లలకు అదే కొక్కెరకు వేసే లసోటా టీకా చుక్కలు, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ.

గిద్దలూరు పెరడు:

ఒంగోలు నుంచి ఫోన్ వచ్చింది. రక్తం పలకలో అదే బ్యాక్టీరియా కనిపించిందట. పుంజు నిన్నటి నుంచి గోడకు ఆనుకుని నిలబడుతోంది, ఎడమ కాలు ఇంకా కొద్దిగా ఈడుస్తోంది. సజ్జలు తనంతట తను తింటోంది. కూత ఇంకా లేదు. దూలం కాల్చేశాం, గోడల పని సాగుతోంది. డాక్టర్ గారికి, పాలమూరు అన్నకు, కోనసీమ తమ్ముడికి చేతులెత్తి నమస్కారం.

ఇంకొక్క సందేహం. పెట్టల గుడ్లు పాపకు పెట్టొచ్చా? ఆ జబ్బు మనుషులకు వస్తుందా?

రిటైర్డ్ పశువైద్యుడు, అనంతపురం:

ఈ బ్యాక్టీరియా పక్షులదే, మనుషులకు రాదు. పెట్టలకు మందు వేయలేదు కాబట్టి గుడ్లు బాగా ఉడకబెట్టి పెట్టండి. టీకా వేయించినా గుడ్లు తినడానికి ఇబ్బంది లేదు. రేపెప్పుడైనా పెట్టలకు పెన్సిలిన్ వేయాల్సి వస్తే, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో వేసిన డాక్టర్‌నే అడగండి. పిడుదు మాత్రం అప్పుడప్పుడు మనుషుల్నీ కుడుతుంది, బాగా నొప్పి పెడుతుంది. గోడల పని పూర్తయ్యేదాకా ఆ కొట్టం పక్కన ఎవరూ మంచాలు వేసుకుని పడుకోవద్దు.