జడ్జీల ఎన్నికలకు ప్రభుత్వ నిధి మళ్లీ తేవాలా?

క్యారీ వాసి:
అమెరికాలో మా నార్త్ కరోలినా రాష్ట్రంలో జడ్జీలను కూడా ఓటేసి ఎన్నుకుంటాం. 2004 నుంచి కొన్నేళ్లపాటు రాష్ట్ర సుప్రీంకోర్టు, అప్పీళ్ల కోర్టు అభ్యర్థుల పేరు పక్కన బ్యాలెట్‌లో పార్టీ ఉండేది కాదు. కోరుకున్నవాళ్లకు ప్రచార ఖర్చు ప్రభుత్వ నిధి నుంచి వచ్చేది. ఊరికే కాదు, ముందు కనీసం 350 మంది ఓటర్ల దగ్గర చిన్న చిన్న చందాలు పోగుచేసి చూపించాలి. 2013లో ఆ నిధిని ఎత్తేశారు. 2018కల్లా పార్టీ పేర్లూ తిరిగొచ్చాయి. నేనైతే పాత పద్ధతే కావాలంటాను. రేపు తన ముందు వాదించబోయే లాయర్ దగ్గర జడ్జి ఇవాళ చందా పుచ్చుకోవడమేంటండీ?

షార్లెట్ శీను:
పార్టీ పేరు తీసేస్తే నాకు మిగిలేది రెండు తెలియని పేర్లు. ఒకసారి ఆ గడి ఖాళీగా వదిలేసి వచ్చాను కూడా. ఇక నిధి సంగతి. 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు సీటుకు పోటీపడ్డ న్యూబీ, ఎర్విన్ ఇద్దరూ దాన్ని తీసుకున్నవాళ్లే. అయినా బయటి గ్రూపులు 20 లక్షల డాలర్లకు పైగా కుమ్మరించాయి, ఎక్కువగా న్యూబీ కోసం. బాంజో వాయిస్తూ పాడే ఆ టీవీ యాడ్ గుర్తుందా? ఆయనే గెలిచారు.

క్యారీ వాసి:
శీను గారూ, ముందు ఏడాది జరిగింది వదిలేశారు. అవతలివాళ్ల ఖర్చు హద్దు దాటితే నిధి తీసుకున్న అభ్యర్థికి అదనంగా ఇచ్చే ఏర్పాటు మొదట ఉండేది. 2011లో అరిజోనా కేసులో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి ఏర్పాటు చెల్లదంది. చేతులు కట్టేసి బరిలోకి దింపి, ఓడిపోయాడేం అంటే ఎలా?

మిల్వాకీ మాధవి:
మా విస్కాన్సిన్‌లో బ్యాలెట్ మీద పార్టీ పేరు ఇప్పటికీ ఉండదు. ఎవరు ఎవరి మనిషో అందరికీ తెలుసు! 2025 ఏప్రిల్‌ ఎన్నికలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక్క సీటుకి దాదాపు 10 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఎలాన్ మస్క్ గ్రీన్‌బేలో వేదికెక్కి ఇద్దరు ఓటర్లకు చెరో పది లక్షల డాలర్ల చెక్కు ఇచ్చాడు. ఆయన బలపరిచిన అభ్యర్థి షిమెల్ ఓడిపోయాడనుకోండి, అది వేరే విషయం. మా దగ్గరా 2009లో నిధి చట్టం వచ్చి 2011లో పోయింది.

షార్లెట్ శీను:
మరి అదనపు నిధి ఇవ్వడానికే వీల్లేనప్పుడు పన్ను డబ్బు దేనికండీ?

క్యారీ వాసి:
మొదటి విడతే పెద్దదిగా ఇవ్వొచ్చు, దానికి ఆ తీర్పు అడ్డు కాదు. ఇంకోటి, తన గెలుపుకి డబ్బు పెట్టినవాడి కేసు వస్తే జడ్జి తప్పుకోవాలని గట్టి రూలు ఉండాలి. వెస్ట్ వర్జీనియాలో బొగ్గు కంపెనీ అధిపతి బ్లాంకెన్‌షిప్ 30 లక్షల డాలర్లు పెట్టి గెలిపించిన జడ్జి, ఆ కంపెనీ మీదున్న 5 కోట్ల డాలర్ల తీర్పును కొట్టేయడంలో ఓటేశాడు. తప్పుకోవాల్సిందని 2009లో అమెరికా సుప్రీంకోర్టు చేత 5-4తో చెప్పించుకోవాల్సి వచ్చింది. రాజ్యాంగం ప్రకారం తప్పుకోవాల్సిందేనని ఆ నలుగురు జడ్జీలు ఒప్పుకోలేదు చూడండి, నా టెన్షన్ అక్కడ.