ముందు ఏటీఆరా, నేరుగా ఏ320నా? రెండూ నడిపినవాళ్లు చెప్పండి

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్), మల్టీ ఇంజిన్, ఐఆర్ (పరికరాలు చూస్తూ విమానం నడిపే అర్హత) అయ్యాయి. ఇక టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపే అర్హత) ఏటీఆర్ 72-600 అనే ప్రొపెల్లర్ విమానం మీదా, ఏ320 జెట్ మీదా అన్నది తేల్చుకోవాలి.

ఎటు వెళ్లినా ఏటీపీఎల్‌కి (కెప్టెన్ కావడానికి కావాల్సిన లైసెన్స్) 1,500 గంటలు కావాల్సిందే. ఏటీఆర్‌లో హైదరాబాద్–కడప లాంటి చిన్న సెక్టార్లే ఎక్కువ. రోజుకి నాలుగు ల్యాండింగ్‌లు చేసినా లాగ్‌బుక్‌లో పడేది నాలుగైదు గంటలే. ఆటోథ్రాటిల్ (ఇంజిన్ పవర్‌ని దానంతటదే సర్దే ఏర్పాటు) లేదు, 25,000 అడుగులు దాటదు. వానాకాలంలో మబ్బుల మీంచి పోలేం, చుట్టూ తిరిగి పోవాలి. ఐసింగ్‌లో (విమానం మీద మంచు పేరుకున్నప్పుడు) స్పీడ్ పడిపోకుండా కాచుకోవాలి. చేతికి పని నేర్పే విమానం అది, అందుకే వదులుకోబుద్ధి కావట్లేదు.

నా సందేహాలు: కొద్ది విమానాలే ఉన్న ప్రాంతీయ సంస్థలో కమాండ్ (కెప్టెన్ హోదా) నిజంగానే త్వరగా వస్తుందా, లేక పైవాళ్లు కదిలేదాకా ఆగాలా? ఏటీఆర్ కెప్టెన్ గంటలకి ఏ320 ఇంటర్వ్యూలో ఎంత విలువిస్తున్నారు, లేదా మళ్లీ కోపైలట్‌గానే మొదలా? ఇండిగోలా రెండు రకాలూ ఉన్నచోట ఫ్లీట్ మారితే సీనియారిటీ నిలుస్తుందా?

బాండ్ (ఇంతకాలం పనిచేస్తానని సంస్థకి రాసిచ్చే ఒప్పందం) సంగతి ముఖ్యం. మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్ము నెలనెలా తగ్గుతుందా, చివరిదాకా పూర్తి మొత్తమేనా? మానేసేముందు ఇవ్వాల్సిన డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నోటీసు 6 నెలలు దానికి అదనమేనా? సంతకం చేసేముందు కాంట్రాక్టులో ఏ క్లాజులు చూడాలో దయచేసి వివరంగా రాయండి.