సంబంధాల ఫోటోకి వెనకాల ఏముండాలి?

గోదారిగట్టు: మా తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం. రెండు ఫోటోలున్నాయి. ఒకటి ఆఫీసు పని మీద పదిరోజులు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళినప్పుడు గోల్డెన్ గేట్ బ్రిడ్జి దగ్గర దిగింది. రెండోది ఇంట్లో హాల్లో. ముఖం ఇందులోనే కళగా ఉంది కానీ వెనక ఫ్రిజ్ పడింది. ఏది పంపమంటారు? గళ్ళ చొక్కా పర్లేదా? బయోడేటాలోనే అతికించాలా, విడిగా పంపాలా?

కృష్ణలంక_కుర్రోడు: బ్రిడ్జి అస్సలొద్దు. మా అన్నయ్యది సింగపూర్ సింహం బొమ్మ ముందు దిగిన ఫోటో పంపాం. వచ్చిన ప్రతి ఫోనూ "అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడండీ?" అనే. నాలుగు రోజుల టూర్ అనేసరికి మేమేదో మోసం చేసినట్టు మాట్లాడారు. ఫ్రిజ్ ఫోటో క్రాప్ చేసి పంపండి. హాల్లో ఫ్రిజ్ చూస్తే ఇల్లు ఇరుకని తెలిసిపోతుంది.

ఓరుగల్లు_స్వాతి: హాల్ల ఫ్రిజ్ ఉంటే ఏమైతది? మా ఇంట్ల పదిహేనేండ్ల సంది హాల్లనే ఉంది. వంటింట్ల జాగ లేదు. దాని మీద మా అమ్మ అల్లిన గుడ్డ గూడ ఉంది. ఇరుకింట్ల ఉండేటోళ్లు మనుషులు గాదా?

కృష్ణలంక_కుర్రోడు: మిమ్మల్ని అన్లేదండీ బాబూ. చూసేవాళ్ళ సంగతి చెప్పా. మా పెద్దమ్మ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి మరీ గోడకి ఏసీ ఉందో లేదో చూస్తుంది.

ఓరుగల్లు_స్వాతి: మాది సింగిల్ డోరే అని చెప్పుండ్రి మీ పెద్దమ్మకు. పెద్దగ జేసే పని తప్పుతది.

స్టూడియో_బాబాయ్: తెనాలిలో 26 ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్నా, నా మాట వినండి. మనిషిని గోడకి ఆనించి నిలబెట్టకండి, నీడ పడుతుంది. నాలుగడుగులు ముందుకి జరపండి. వెనక వెలుతురు కిటికీ ఉంటే ఫోన్ ఆ వెలుగునే చూసుకుని ముఖాన్ని నల్లగా చేస్తుంది. ముఖం మీద వేలుపెట్టి నొక్కి వెలుగు పెంచుకోవాలి. పచ్చరంగు గోడ పక్కన నిలబడితే ఆ పచ్చ చెంపల మీదకొస్తుంది. తెర కట్టడం నామోషీ అంటారు ఇప్పటి పిల్లలు. ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్ స్టూడియోలోనూ రంగులద్దిన తెరలే ఉండేవి!

కడప_కారం: మీలాంటోళ్ళే మా చెల్లెల్ని స్విట్జర్లాండ్ కొండల్లో నిలబెట్టినారు. చెవికమ్మ సగం ఎగిరిపోయింది, జడ మాయం. పైగా 600 గుంజినారు.

స్టూడియో_బాబాయ్: నేను తియ్యని ఫోటోకి నన్నంటే ఎట్లా? యాప్‌లో చిటికెలో చేసినదాన్ని మా నెత్తిన రుద్దకండి. జుట్టు సరిగ్గా విడదీయాలంటే నాకు గంట పడుతుంది.

డల్లాస్_బుల్లోడు: బాబాయ్ గారూ, మా నాన్నగారి అమెరికా వీసా ఫోటోకి అక్కడెవరో లేత నీలం తెర వేశారు. కళ్ళజోడు కూడా ఉంది. పనికొస్తుందా?

స్టూడియో_బాబాయ్: రాదు. వెనక తెలుపు గానీ మీగడ తెలుపు గానీ ఉండాలి. రెండంగుళాల చదరం. కళ్ళజోడు 2016 నవంబరు నుంచే కుదరదు.

పేరొద్దు: మా అమ్మాయి ఫోటో పెరట్లో మందారచెట్టు దగ్గర తీశాం. వెనక పక్కింటివాళ్ళ రేకుల షెడ్డు పడింది. "మీది రేకులిల్లా?" అని అడిగాడు మధ్యవర్తి. కాదండీ, స్లాబిల్లే అని గబగబా చెప్పుకున్నా. పక్కన మా అమ్మాయి వింటూనే ఉంది. ఆ ఫోటో మళ్ళీ ఎవరికీ పంపనివ్వలేదు.

ఓరుగల్లు_స్వాతి: ఆంటీ, గా మధ్యవర్తి ఇల్లెట్లుందో అడగకపోయినరా?

కడప_కారం: 600 సంగతి ఎవురూ మాట్లాడరేమి?

గోదారిగట్టు: మీరిక్కడ కొట్టుకుంటుండగానే మా అమ్మ ఫ్రిజ్ ఫోటో పంపేసింది. ఫ్రిజ్ మీద జాడీ ఉంది, నేను చూసుకోలేదు. నిన్న అమ్మాయి వాళ్ళమ్మగారు ఫోన్ చేసి అది మాగాయా ఆవకాయా అని అడిగారట. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. తమ్ముడి ప్రస్తావన ఇంకా రాలేదు.

కృష్ణలంక_కుర్రోడు: క్రాప్ చెయ్యలేదా?!