ఉబుంటులో సీక్యూఆర్‌లాగ్ ఎక్కింది, సెట్ మాత్రం పలకడం లేదు

కొత్త_వీయూ3:
అందరికీ నమస్కారం. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు 22.04 లైనక్స్ వేశాను. ఇన్నాళ్లూ నోట్‌బుక్కులో రాసుకున్న హ్యామ్ రేడియో లాగ్ (ఎవరితో ఎప్పుడు మాట్లాడామో ఆ లెక్క) ఎక్కిద్దామని, దాన్ని రాసే సీక్యూఆర్‌లాగ్ ప్రోగ్రాం పెట్టాను. ఒక్క ఆప్ట్ కమాండ్‌తో వచ్చేసింది. తెరవగానే, లాగ్ దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ లైబ్రరీ లోడ్ కాలేదని ఎర్రర్. రేడియో సెట్ యాసు ఎఫ్‌టీ-857డీ, దాన్ని కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ కేబుల్ సీహెచ్340 చిప్ ఉన్న చవకరకం. దాని పోర్టూ దొరకడం లేదు. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

బెజవాడ_హ్యామ్:
ముందు డేటాబేస్ సంగతి చూడండి. లైబ్రరీ కోసం సీక్యూఆర్‌లాగ్ వెతికే పేరు వేరు, ఉబుంటులో ఉన్న పేరు వేరు. లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్ ప్యాకేజీ వేశాక నాకు ఆ గొడవ తీరింది. అప్పటికీ డేటాబేస్ మొదలవకపోతే యాప్‌ఆర్మర్ అనే ఉబుంటు కాపలా ప్రోగ్రాం అడ్డుపడుతున్నట్టు. మన హోమ్ ఫోల్డర్‌లోకి మైఎస్‌క్యూఎల్‌ను అది రానివ్వదు.

ఒంగోలు_యాంటెనా:
ఇంత తలనొప్పి ఎందుకండీ, కేలాగ్ వేసుకోండి. అది అంతా ఒక్క ఫైలులో పెట్టే ఎస్‌క్యూలైట్ వాడుతుంది, సర్వర్ గొడవే ఉండదు. ఆ ఒక్క ఫైలూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే బ్యాకప్ అయిపోయినట్టే.

బెజవాడ_హ్యామ్:
కేలాగ్ మంచిదే. నాకు ఇది చేతికి అలవాటైపోయింది, అంతే.

కొత్త_వీయూ3:
డెవ్ ప్యాకేజీ వేయగానే తెరుచుకుంది, థాంక్స్ అండీ. పోర్టు వాడే అనుమతి కోసం డయలౌట్ గ్రూపులో చేరి, లాగౌట్ అయి వచ్చాను కూడా. డీమెసెజ్ (కెర్నెల్ సందేశాలు) చూస్తే టీటీవైయూఎస్‌బీ0 అని పోర్టు వస్తోంది, సెకను తిరక్కుండా మాయం. మధ్యలో బీఆర్‌ఎల్‌టీటీవై అని ఏదో పేరు.

షాక్_మావయ్య:
దొంగ దొరికాడు. అది చూపులేనివాళ్లు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉన్న ప్రోగ్రాం. అలాంటి పరికరాలు కొన్నింట్లో మీ కేబుల్‌లోని చిప్పే ఉంటుంది కనక, మీ కేబుల్‌నూ తనదే అనుకుని లాగేసుకుంటుంది. 22.04లో చాలామందిని ఏడిపించింది. ఆప్ట్ రిమూవ్ కొట్టి, కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. అయితే మా క్లబ్‌లో చూపులేని ఓఎం (హ్యామ్ మిత్రుడు) ఒకాయన ఉన్నారు, ఆయనకు అదే ఆధారం. అలాంటివాళ్ల మెషీన్‌లో దాన్ని తీసేయకండి, పరికరాలను గుర్తించే యూడెవ్ రూల్స్‌లో ఆ చిప్ ఐడీ ఉన్న లైను ఒక్కటే పనిచేయకుండా కామెంట్ చేస్తే చాలు.

తర్వాత సెట్‌తో మాట్లాడే ప్రోగ్రాం రిగ్‌సీటీఎల్‌డీకి మోడల్ నంబరు 1022 ఇవ్వండి. పాత పోస్టుల్లో 122 అని ఉంటుంది, అది దాని లైబ్రరీ హామ్‌లిబ్ 4 రాకముందు మాట. సెట్‌లో క్యాట్ (కంప్యూటర్‌తో సెట్‌ను నడపడం) రేట్ 4800 ఉంటే ఇక్కడా 4800 ఉండాలి. వెనక సాకెట్ క్యాట్‌కీ, లీనియర్ ఆంప్లిఫయర్‌కీ, యాంటెనా ట్యూనర్‌కీ ఒక్కటే, మెనూలో క్యాట్ ఎంచుకోవాలి. నేను అది మర్చిపోయి ఒక ఆదివారమంతా కేబుల్‌ను తిట్టుకున్నాను.

కొత్త_వీయూ3:
పలికింది మావయ్యా! ఇక్కడ నాబ్ తిప్పుతుంటే అక్కడ తెరమీద అంకెలు కదులుతున్నాయి. మా ఆవిడను పిలిచి చూపిస్తే "సరే, అన్నానికి రండి" అంది.

(రెండు రోజుల తర్వాత)

కొత్త_వీయూ3:
మళ్లీ నేనే. నిన్న రాత్రి మా ఊళ్లో మేడమీద, నెట్ లేకుండా 23 క్యూఎస్‌వోలు (రేడియో సంభాషణలు) చేశాను. అన్నీ లాగ్‌లో ఐదున్నర గంటలు ముందుకు ఎక్కాయి. చూసుకోకుండా, క్యూఎస్‌వోలను ఆన్‌లైన్‌లో నిర్ధారించే ఎల్‌ఓటీడబ్ల్యూకి పంపేశాను.

షాక్_మావయ్య:
అంతకుముందు విండోస్ తెరిచి ఉంటారు. అది హార్డ్‌వేర్ గడియారంలో మన టైమే రాస్తుంది, లైనక్స్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) అనుకుంటుంది. నెట్ ఉంటే కాసేపట్లో తనే సర్దుకుంటుంది, మేడమీద సర్దేవాళ్లెవరు? నేనైతే రిజిస్ట్రీలో మార్చి విండోస్‌నే యూటీసీకి తెచ్చాను.

ఎల్‌ఓటీడబ్ల్యూలో రెండువైపుల టైముల మధ్య తేడా 30 నిమిషాలు దాటితే కలవవు. లాగ్‌ను ఏడీఐఎఫ్ ఫైలుగా తీసి, ఐదున్నర గంటలు తగ్గించి మళ్లీ పంపండి. లాగ్‌లో 0530 కంటే ముందు పడ్డవాటికి తేదీ కూడా ఒక రోజు వెనక్కి జరగాలి, అది మర్చిపోవద్దు. తప్పుగా పంపినవి మనం తీసేయలేం. ఎవరితోనూ కలవకుండా అలా పడి ఉంటాయి, నష్టం లేదు.

కొత్త_వీయూ3:
అర్ధరాత్రి దాటాక చేసినవి ఆరు, వాటన్నిటికీ తేదీ మార్చాల్సి వచ్చింది. పంపాను. శ్రీలంక స్టేషన్ ఒకటి అప్పుడే కన్ఫర్మ్ అయింది. 73 (హ్యామ్‌ల శుభాకాంక్షలు).