మొలను గుంజేదాన్ని ఏమంటారు?

పోయిన వారం వరంగల్ మట్టెవాడలో మా తాతగారి ఇల్లు విప్పించాం. టేకు దర్వాజాలు మాత్రం ఉంచుకుందామని వడ్లాయనను పిలిచాను. పొద్దంతా పాత మొలలు పీకే పనే. సాయంత్రం విజయవాడ మిత్రుడు ఫోన్ చేస్తే, "ఇవాళంతా మొలలు తీయించాను, నడుం పడిపోయింది" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "ఏ హాస్పిటల్లో?" అని అడిగాడు.

ఆయనకు మొలలంటే ఆ జబ్బు ఒక్కటే. మనకు గోడకు కొట్టేవి కూడా మొలలే.

సరే, నా అసలు సందేహం గుంజే పనిముట్టు గురించి. వడ్లాయన తన దగ్గరున్న పిల్లవాడితో "జంబూర్ తే" అన్నాడు. నేను ఉత్సాహంగా ఇంట్లో ఉన్న కటింగ్ ప్లేయర్ అందించాను. నవ్వి పక్కన పెట్టాడు. జంబూర్ మూతి గుండ్రంగా, ఎండ్రకాయ కాళ్లలా రెండు వైపుల నుంచి కలుసుకుంటుంది. తుప్పు పట్టిన మొలను ముందు సుత్తెతో లోపలికే ఒక దెబ్బ కొట్టాడు. "జర కదులతది సార్, తుప్పు ఇడుస్తది" అన్నాడు. తర్వాత టేకు మీద సొట్ట పడకుండా ఒక చెక్కముక్క పెట్టి, మొలను జంబూర్‌తో పట్టి, దాని గుండ్రటి మూతిని చెక్కముక్క మీద పక్కకు పొర్లించాడు. మొల కిర్రుమంటూ లేచింది. చీలిక ఉన్న సుత్తె ఉంది కదా అన్నాను. తల విరిగిన మొల దానికి దొరకదట.

దీనికి మన మాట ఏమైనా ఉందా? పట్టకారు అందామా?

కరీంనగర్ నుంచి ఒకరు: వద్దన్నా. పట్టకారంటే కొలిమిలో ఎర్రటి ఇనుమును పట్టేది, లేకుంటే పొయ్యి మీది గిన్నె దించేది. పట్టుడు వేరు, గుంజుడు వేరు. మా దగ్గరా జంబూరే.

ఏలూరు నుంచి ఒకరు: మీ దగ్గర అన్నీ ఉర్దూ మాటలేనండి. మేకు అనే అచ్చ తెలుగు మాట ఉండగా మొల ఎందుకు?

నా జవాబు: అండీ, ఇక్కడ లెక్క తిరగబడింది. ఫారసీలో మేకును మేఖ్ అంటారు, హిందీలోనూ మేఖ్ ఉంది. మీ మేకు అటునుంచి వచ్చిందే. మొల మాత్రం ఇంటిమాట. కన్నడంలో మొళె అంటే మేకు, మొలక కూడా. తమిళంలో ముళై అంటే మొలక, నేలలో దిగేసిన గుంజ కూడా. దర్వాజాలోంచి తల బయటపెట్టి నిలబడ్డ మొలను చూశాక నాకు ఇందులో అనుమానం లేదు. జంబూర్ మాత్రం నిజంగానే ఫారసీ, ఒప్పుకుంటాను. అక్కడ ఆ మాటకు కందిరీగ అని కూడా అర్థం. పట్టుకుంటే వదలదనేమో!

ఇంకో సంగతి. 'ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు' అంటాం కదా. ఎనుమాముల మార్కెట్‌కు బండ్లకొద్దీ పత్తి దిగే ఊరు మాది, ఏకు సంగతి మాకు చెప్పనక్కర్లేదు. వడకడానికి మెత్తగా చుట్టిన దూది అది. ఆ సామెతలో ఏకు మనది, మేకు బయటి నుంచి వచ్చి కూర్చున్నది. ఎంత బాగా కూర్చుందంటే, మీరు అచ్చ తెలుగు అనుకునేంత.

ఏలూరు వారే: దెబ్బ కొట్టారు. లోపలికే కొట్టారు.

హనుమకొండ నుంచి ఒక సంస్కృతం మాస్టారు: పంచతంత్రంలో 'కీలోత్పాటీవ వానరః' అని ఉంది. సగం కోసిన దుంగలోంచి మేకు పెరికిన కోతి కథ. ఆ లెక్కన మీ జంబూర్‌ను కీలోత్పాటని అనవచ్చు.

నా జవాబు: మాస్టారూ, నమస్కారం. ఆ కోతికి ఏమైందో తెలిసిన వడ్లాయన ఎవరూ ఆ పేరున్న సామాను ముట్టుకోడు. పైగా "కీలోత్పాటని తే" అనేలోపు పిల్లవాడు చాయ్ తాగొస్తాడు.

సోఫాలు రిపేర్ చేసే కాజీపేట తమ్ముడు: అన్నా, మొలల కథ అల్కగనే ఉంది. మా బాధ పిన్నులతోని. పాత సోఫా గుడ్డ విప్పితే వందల పిన్నులుంటయి, అన్నీ గన్నుతోని కొట్టినవే. జంబూర్ మూతికి అందవు, చెక్కకు అతుక్కొని ఉంటయి. పాత స్క్రూడ్రైవర్ కొసను సానబట్టి పల్చగ చేసుకుంటం. పిన్ను నడుమ కిందికి దూర్చి కొద్దిగ తిప్పుతే ఒక కాలు లేస్తది. రెండో కాలును ప్లేయర్‌తోని గుంజుతం. తొందరపడితే మధ్యలో తెగుతది, లోపల మిగిలిన ముక్క కొత్త గుడ్డను చింపుతది.

నా జవాబు: బాగుంది తమ్మీ. మరి ఆ సానబట్టిన స్క్రూడ్రైవర్‌ను మీ షాపులో ఏమంటారు?

కాజీపేట తమ్ముడు: పేరేం లేదన్నా. "అది ఇటియ్యి" అంటం.