తెరచాప పడవలో కాపురం: మరమ్మతులు ఎప్పటికైనా ఒక కొలిక్కి వస్తాయా?

ప్రశ్న: లంగరు

అందరికీ నమస్కారం. నేనూ నా భార్యా కొంతకాలంగా 11 మీటర్ల పొడవున్న పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవలోనే నివసిస్తున్నాము. కొనేముందు సర్వేయరు చేత పరీక్ష చేయించాము. పెద్ద లోపాలేవీ లేవనే నివేదిక వచ్చింది. అయినా ఏదో ఒక మరమ్మతు లేకుండా వారం గడవడం లేదు. మంచినీటి పంపు బాగుచేసేసరికి మరుగుదొడ్డి పంపు మొరాయిస్తుంది. దాని సంగతి చూసేలోగా కిటికీ అంచు నుంచి వాననీరు పరుపు మీదికి కారుతుంది. అది ఆపేసరికి బ్యాటరీలు రాత్రి గడవకముందే నీరసించిపోతాయి. పనుల పట్టికలో ఒకటి కొట్టివేస్తే రెండు చేరుతున్నాయి.

ఇంత పని అందరికీ మామూలేనా, లేక మా పడవలోనే లోతైన లోపం ఉందా? అన్నీ ఒకేసారి చేయలేనప్పుడు ఏది ముందు, ఏది తరువాత అన్నది మీరు ఎలా నిర్ణయించుకుంటారు? ఈ జీవనం మా ఇద్దరికీ నిజంగా ఇష్టం, వదులుకోవాలని లేదు. కాని చేతిలో స్పానరు లేని ఆదివారం ఒక్కటైనా కావాలని నా భార్య కోరుకోవడంలో న్యాయం ఉంది.

సమాధానం: చుక్కాని

లంగరు గారూ, మీరు రాసినదాన్ని బట్టి మీ పడవలో ప్రత్యేకమైన లోపమేమీ కనబడడం లేదు. ఉప్పునీరు, ఎండ, ఎడతెగని కదలిక మూడూ కలిసి పనిచేసే చోట ఏ వస్తువైనా నేలమీదకంటే త్వరగా అరుగుతుంది. అందులోనూ మీరు దానిలోనే ఉంటున్నారు కనుక, వారాంతంలో మాత్రమే పడవ ఎక్కేవారు ఏడాదికి వాడేంతగా పంపులనూ కవాటాలనూ మీరు కొద్ది వారాల్లోనే వాడేస్తారు.

మీ పట్టికలో రెండు వేర్వేరు జాతుల పనులు కలిసిపోయి ఉన్నాయని నా అభిప్రాయం. మొదటి జాతివి గడువు ప్రకారం రావలసినవి: ఆనోడ్లు (మిగతా లోహాలకు బదులు తాము కరిగిపోయే జింక్ ముక్కలు), గుల్లజీవులు పట్టకుండా అడుగున పూసే యాంటీఫౌలింగ్ రంగు, ఇంజన్ నూనె, ఫిల్టర్లు. ఇవి అరిగిపోవడానికే ఉన్నాయి, వీటిని చెడిపోయినవాటి లెక్కలో వేయకూడదు. రెండవ జాతివి నిజంగా చెడిపోయినవి. మొదటివాటిని క్యాలెండర్‌లోకి మార్చి, రెండవవాటిని మాత్రమే పట్టికలో ఉంచండి. మొదటి జాతి పనులకు అంతం లేదు, ఉండనక్కరలేదు. రెండవ జాతి పనులు మాత్రం, మొదటివి సకాలంలో జరుగుతూ ఉంటే, ఏడాది తిరిగేసరికి స్పష్టంగా తగ్గుతాయి.

ఇక వరుస విషయం. పడవను ముంచగలిగేది ముందు, తెరచాప స్తంభాన్ని కూల్చగలిగేది తరువాత, చుక్కానినీ ఇంజన్‌నూ ఆపగలిగేది ఆ తరువాత, మిగిలినవన్నీ ఆగగలవు. మరుగుదొడ్డి పంపు ఎంత విసిగించినా, నీటిమట్టానికి దిగువన ఉన్న సీకాక్‌లను (పడవ అడుగు రంధ్రాలను మూసి తెరిచే కవాటాలను) చూడకుండా దాని జోలికి వెళ్లకండి. సీకాక్‌లను నెలకొకసారైనా పూర్తిగా మూసి తెరవాలి. కదలకుండా వదిలేసినది అవసరమైన రోజున బిగుసుకుపోయి ఉంటుంది. అవి ఏ లోహంతో చేసినవో కూడా తెలుసుకోండి. కంచువైతే దీర్ఘకాలం మన్నుతాయి. మామూలు ఇత్తడివైతే, ఉప్పునీటిలో దానిలోని జింక్ కరిగి బయటకు పోతుంది, రాగి మాత్రం గుల్లగా మిగులుతుంది. పైకి ఆకారం చెక్కుచెదరదు. కాని గీరి చూస్తే పసుపు రంగుకు బదులు గులాబి రంగు కనబడుతుంది. అటువంటి కవాటం ఒక తాపుకు విరిగిపోగలదు. దాన్ని బాగుచేయాలని చూడకండి, పడవను గట్టుకెక్కించి మార్చవలసిందే.

నీటిమట్టానికి దిగువన ఉన్న ప్రతి గొట్టానికీ, బిగించేంత చోటు ఉంటే, రెండేసి క్లాంపులు ఉండాలి. ప్రతి సీకాక్ పక్కనా దాని రంధ్రానికి సరిపడే మెత్తని కలప బిరడా దారంతో కట్టి ఉండాలి. బిల్జ్ (పడవ అడుగున నీరు చేరే చోటు) పంపును నీరు పెరగగానే నడిపించే ఫ్లోట్ స్విచ్‌ను చేత్తో ఎత్తి పంపు తిరుగుతోందో లేదో చూడడానికి ఎక్కువసేపు పట్టదు. ఆ పని వారం వారం చేయండి.

సమాధానం: గాలివాటు

చుక్కాని గారి వరుసతో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్కచోట మాత్రం కాదు. కిటికీల నుంచీ డెక్ మీది బోల్టుల చుట్టూ కారే నీటిని "ఆగగలిగినవాటి"లో చేర్చడం సరికాదని నా గట్టి నమ్మకం.

చాలా ఫైబర్‌గ్లాస్ పడవల డెక్ ఒకే పలక కాదు. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా కలప ఉంటుంది. బోల్టు చుట్టూ సీలెంట్ ఎండి పగిలినప్పుడు లోపలికి కారి పరుపును తడిపే నీరు మన కంటబడుతుంది. కాని దానికి ఎంతో ముందునుంచే నీరు ఆ కలపలోకి ఇంకుతూ ఉండవచ్చు. కలప కుళ్లితే డెక్ కాలికింద మెత్తబడుతుంది, అప్పుడు చేయవలసిన పని పరిమాణమే వేరు. స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా మెల్లగా తట్టి చూడండి: గట్టిగా ఉన్నచోట స్పష్టమైన శబ్దం, పొరలు విడిపోయినచోట బొంగురు శబ్దం వస్తుంది. కారుతున్నచోట పైపైన సిలికాన్ పూయడం పనికిరాదు. అది నీటి దారిని మళ్లిస్తుంది గాని మూయదు, పైగా తరువాత మరే సీలెంటూ అక్కడ సరిగా అంటదు. బోల్టు విప్పి, రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, దాని గోడలో కనబడే కలపను ఎండనిచ్చి, రంధ్రాన్ని చిక్కని ఎపాక్సీ జిగురుతో నింపి, గట్టిపడిన తరువాత దాని మధ్యలో కొత్త రంధ్రం వేసి, బ్యూటైల్ టేపుతో (మెత్తని జిగురు రబ్బరు పట్టీతో) మళ్లీ బిగించాలి. అప్పుడు ఎప్పుడైనా సీలెంట్ చెడినా నీరు ఎపాక్సీని దాటి కలపను చేరలేదు. ఇది నెమ్మదైన పని, కాని ఒకసారి చేసినచోట మళ్లీ చాలా ఏళ్లు చేయనక్కరలేదు.

చైన్‌ప్లేట్ల దగ్గర ఈ కారుడు మరీ ప్రమాదకరం. స్తంభాన్ని పట్టి ఉంచే తీగల బరువంతా పడవకు అందించే స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు అవి. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడే పలుచని పొర నిలబడాలంటే దానికి ఆక్సిజన్ తగులుతూ ఉండాలి. డెక్ మందంలో దాగి, గాలి ఆడక, ఎప్పుడూ తడిగా ఉండే భాగంలో ఆ పొర నశించి లోహం లోలోపల పగుళ్లిస్తుంది. పైనా కిందా మాత్రం మిలమిల మెరుస్తూనే ఉంటుంది. తీగల చివర నొక్కి బిగించిన తొడుగులకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ తుప్పు మరక కనబడితే తుడిచి వదిలేయకుండా భూతద్దంతో పగులు వెతకండి. తీగలో ఒక్క పోగు తెగినా ఆ తీగ ఆయుష్షు తీరినట్టే. తీగలన్నిటినీ 10 నుంచి 12 సంవత్సరాలకొకసారి మార్చడం చాలామంది పాటించే ఆనవాయితీ. పాత యజమాని ఎప్పుడు మార్చారో కాగితం మీద ఆధారం లేకపోతే, మార్చలేదనే అనుకోవాలి.

సమాధానం: దీపస్తంభం

ఇంజన్, విద్యుత్తు విషయాలు ఎవరూ చెప్పలేదు కనుక క్లుప్తంగా రాస్తున్నాను. డీజిల్ ఇంజన్ ఆగిపోవడానికి కారణం ఎక్కువసార్లు ఇంజన్‌లో ఉండదు, డీజిల్‌లోనో ఇంజన్‌ను చల్లబరిచే సముద్రపు నీటి పంపులోనో ఉంటుంది. ట్యాంకు అడుగున చేరిన నీటిలో సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టరును జిగురుతో మూసేస్తాయి. అలలు లేచినప్పుడు ట్యాంకు అడుగు కదులుతుంది కనుక సరిగ్గా కష్టసమయంలోనే ఇది బయటపడుతుంది. సముద్రపు నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) నీరు లేకుండా కొద్దిసేపు తిరిగితే చాలు, పాడవుతుంది. దాని రెక్క విరిగితే ఆ ముక్క దొరికేదాకా వెతకాలి, లేకపోతే అది ముందుకు పోయి ఇంజన్ వేడిని సముద్రపు నీటికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్‌లో అడ్డం పడుతుంది. మీరిద్దరూ ఇంపెల్లర్ మార్చడమూ, ఫిల్టరు మార్చి ఇంధన గొట్టంలోని గాలి తీయడమూ ప్రశాంతంగా ఉన్న రోజున సాధన చేయండి. ఒక్కరికే తెలిస్తే, ఆ ఒక్కరు జ్వరంతో పడుకున్న రోజున పడవలో ఆ పని తెలిసినవారే ఉండరు.

బ్యాటరీలు లెడ్ యాసిడ్‌వి అయితే, వాడకం ఆపి కొన్ని గంటలు వదిలి కొలిచినప్పుడు సుమారు 12.7 వోల్టులు ఉంటే నిండినట్టు, 12.2 ఉంటే సగానికి వచ్చినట్టు. సగం కంటే కిందికి తరచుగా దించినా, పూర్తిగా నింపకుండా రోజుల తరబడి ఉంచినా వాటి ఆయుష్షు పోతుంది. కొత్తవి కొనేముందు తీగల కొసలు విప్పి చూడండి. రాగి నల్లబడి ఉంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. పడవలో కళాయి పూసిన రాగి తీగలే వాడాలి, కొసలను క్రింప్ చేసి (నొక్కి బిగించి) లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ తొడుగు వేయాలి. కేవలం టంకం మీద ఆధారపడిన కొస, టంకం ఆగినచోట బిరుసెక్కి, కదలికకు అక్కడే విరుగుతుంది.

ప్రశ్న: లంగరు

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సీకాక్‌లతో మొదలుపెడతాము, ఆ తరువాత చైన్‌ప్లేట్లు. చుక్కాని గారు చెప్పినట్టు పట్టికను రెండుగా విడదీస్తే, నిజంగా చెడిపోయినవి మేము భయపడినంత లేవు. ఒక సందేహం మిగిలింది. ప్రొపెల్లర్ షాఫ్టు మీది జింక్ ఆనోడ్ ఏడాది రావాలని విన్నాము, మాది కొద్ది నెలల్లోనే కరిగిపోతోంది. దీన్ని కూడా గడువు ప్రకారం అరిగేదిగానే భావించాలా?

సమాధానం: చుక్కాని

అరగడం సహజమే, ఆ వేగం సహజం కాదు. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే, వాటిలో చురుకైనది కరుగుతూ రెండవదాన్ని కాపాడుతుంది. 1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళపు ఓడల రాగి తొడుగును ఇనుము, జింక్ ముక్కలతో ఈ విధంగానే కాపాడి చూపాడు. రాగి కరగడం ఆగింది. కాని కరిగే రాగి విషమే అంతవరకు బార్నకిల్ వంటి గుల్లజీవులను దూరంగా ఉంచుతూ వచ్చింది కనుక, అది ఆగగానే అవి ఓడల అడుగున దట్టంగా పట్టాయి. నేటి యాంటీఫౌలింగ్ రంగుల్లో చాలావాటిలో రాగి మెల్లగా కరిగి పనిచేసేదీ, ఆనోడ్ కరిగి పనిచేసేదీ అక్కడ కనబడిన ఆ రెండు విషయాల ప్రకారమే. సగం కరిగిన ఆనోడ్‌ను మార్చేయాలి. దానిమీద రంగు మాత్రం ఎన్నడూ పూయకూడదు.

మీరు రేవులో గట్టు విద్యుత్తుకు కలిపి ఉంటున్నారా? ఉంటే కారణం అదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ కేబుల్‌లోని ఎర్త్ తీగ మీ పడవను పక్క పడవలన్నిటితో కలుపుతుంది. వారి ఆనోడ్లు అరిగిపోయి ఉంటే మీ జింక్ వారి లోహాన్ని కూడా కాపాడుతూ కరిగిపోతుంది. అందుకని ఎర్త్ తీగను విప్పే ఆలోచన ఎంతమాత్రం చేయకండి, విద్యుదాఘాతం నుంచి మిమ్మల్నీ పక్కనే నీటిలో ఉన్నవారినీ కాపాడేది అదే. ఆ తీగలో గాల్వానిక్ ఐసొలేటర్ అమర్చుకుంటే చిన్న వోల్టేజీ ప్రవాహాన్ని అది ఆపుతుంది, ప్రమాదకరమైన లోపం ఏర్పడినప్పుడు మాత్రం విద్యుత్తును భూమిలోకి పోనిస్తుంది. అది అమర్చిన తరువాత కూడా ఆనోడ్ అదే వేగంతో కరుగుతుంటే, మీ పడవలోని 12 వోల్టుల తీగ ఏదైనా బిల్జ్ నీటిలో తడుస్తోందేమో వెంటనే వెతకండి. బిల్జ్ పంపు తీగల అతుకులు మొదట చూడండి. అలా లీకయ్యే విద్యుత్తు ప్రొపెల్లర్‌నూ సీకాక్‌లనూ రోజుల వ్యవధిలోనే తినేయగలదు, కనుక ఈ ఒక్క పనిని వచ్చే వారానికి వాయిదా వేయకండి.