అప్‌డేట్: విండోస్ అప్‌డేట్ తర్వాత బ్లూ స్క్రీన్ – సమస్య తీరింది

విండోస్ 11ను 24హెచ్2 వెర్షన్‌కి అప్‌డేట్ చేశాక లాప్‌టాప్ ఆన్ అయిన కాసేపటికే బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోందని అడిగాను కదా, ఇప్పుడు పూర్తిగా తగ్గింది. జవాబులిచ్చిన అందరికీ చాలా థ్యాంక్సండీ.

క్రాష్ అయినప్పుడల్లా విండోస్ ఆ వివరాలు రాసిపెట్టే మినీడంప్ ఫైళ్లు చూడమన్న సలహానే దారి చూపింది. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఆ పేరుతోనే ఒక ఫోల్డర్ ఉంటుంది. ఆ ఫైళ్లు పట్టుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక సర్వీస్ షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు క్రాష్ ఫైళ్లు చదివే విన్‌డీబీజీ అనే టూల్‌లో ఒక్కొక్కటీ తెరిచి చూపించాడు. ప్రతి క్రాష్‌లోనూ ఒకే డ్రైవర్ (విండోస్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) పేరు! లాప్‌టాప్‌తో పాటు ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్‌ది అది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి చాలాకాలమైనా డ్రైవర్ మాత్రం లోపలే ఉండిపోయింది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్ఎల్‌టీఎంసీ (fltmc) అని కొడితే వచ్చే ఫిల్టర్ డ్రైవర్ల లిస్టులో ఇంకా కనిపించింది. అత్యవసరమైన వాటితో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లో ఆ యాంటీవైరస్ కంపెనీ వాళ్ల రిమూవల్ టూల్ నడిపాకే పోయింది.

ఒక్క మాట: సేఫ్ మోడ్‌కి వెళ్లేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే విండోస్ తాళం) 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. మధ్యలో అడిగితే చాలా టెన్షన్.

ర్యామ్‌లో ఏ లోపమూ లేదు. విండోస్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌తోనూ తేడా రాలేదు. ఇప్పుడు యాంటీవైరస్‌గా విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఒక్కటే ఉంచాను. ఇదివరకు ఆన్ కాని మెమరీ ఇంటెగ్రిటీ అనే విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్ కూడా ఆన్ అయింది.